పాటలో ఆఖరి ముక్క

ఆ ఏడు ఎండాకాలం ఊరంతా ఒకటే పాట. క్లబ్బుల్లో అదే, కార్లలో అదే, చివరికి పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నా అదే. పాట అనడం మర్యాదకే. గుండెల మీద గుద్దినట్టు దబదబమని ఒకే దరువు, దాని మీద ఏదో పాత డిస్కో రికార్డులోంచి కత్తిరించి తెచ్చిన ఆడగొంతు, "ఇంకాసేపు ఉండిపో" అంటూ తిప్పి తిప్పి అదే మాట. అంతకు మించి సాహిత్యం లేదు. జనం మాత్రం నెత్తిన పెట్టుకున్నారు.

లాండ్రీ షాపు వెనక గదిలో కూర్చుని చిరుగులు కుట్టి, జిప్పులు మార్చి, లావెక్కిన వాళ్ల నడుములు వదులు చేసే అక్క చెవిన కూడా అది పడింది, ఓనరు రేడియోలో. వినగానే మిషను మీద కాలు ఆగిపోయింది. పడుచుతనంలో ఆమె, చెల్లెలు ఒక హోటల్ బ్యాండులో పాడేవారు. చెల్లెలు ముందు, తళుకుల గౌనులో, మైకు పట్టుకుని. అక్క వెనక, నల్ల గౌనులో, కోరస్‌లో. ఈ గొంతు కత్తిరించి తెచ్చింది ఆ బ్యాండు వేసిన ఒకే ఒక్క రికార్డులోంచే. అట్ట మీద చెల్లెలి బొమ్మ, చెల్లెలి పేరు. పాటంతా చెల్లెలిదే, ఒక్క ఆఖరి ముక్క తప్ప. పాడి పాడి చివరికొచ్చేసరికి ఆ పిల్ల గొంతు పట్టేసింది. స్టూడియో వాళ్లేమో తాళాలేసుకుంటామని గోల. నువ్వందుకోవమ్మా అన్నాడు బ్యాండు మాస్టరు. అక్క పరిగెత్తుకెళ్లి అందుకుంది. ఎవరు పాడితే ఏముంది, ఒక తల్లి పిల్లలమేగా అనుకుంది. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ఆమెతో సహా.

రేడియోలో గొంతు సన్నగా, పదునుగా ఉంది. చెల్లెలిదే, అనుమానమే లేదు. అక్క అప్పటికప్పుడు ఫోన్ చేసి, నీ గొంతు ఊరేలుతోందే అని చెప్పి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది. అవతల చెల్లెలు, అవునటక్కా, నేనూ విన్నాను అని ఊరుకుంది. అంత సంతోషంలో ఆ ముక్తసరి మాటని పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది?

చెల్లెలి దశ తిరిగింది. కళ్లజోళ్ల షాపులో కౌంటరు దగ్గర కూర్చుని రిటైరైన మనిషి కాస్తా పేపర్లకెక్కింది. ఊళ్లోకెల్లా పెద్ద క్లబ్బు వాళ్లు వేదికెక్కమని పిలిచారు. ఊరికే నిలబడి పెదాలు కదిపితే చాలట. అక్క షాపుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, వద్దన్నా చెప్పింది. వేదిక మీద చెల్లెలు వేసుకునే గౌను మీద ఇంకొకరి చెయ్యి పడడానికి వీల్లేదని పట్టుబట్టి తనే కుట్టడం మొదలుపెట్టింది.

గౌను సరిచూసే రోజు మధ్యాహ్నం, చెల్లెలి ఇంటి ముందుగదిలో, చెల్లెలు అద్దం ముందు స్టూలెక్కి నిలబడింది. అక్క మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు మడుస్తోంది. అప్పుడొచ్చాడు టోపీ. ఆ పాట తయారుచేసిన కుర్రాడికి అందరూ పెట్టిన పేరది. నిద్రలో కూడా తల మీంచి టోపీ తీయడని చెప్పుకునేవారు. మంచివాడే, ఆడమనిషిని చూస్తే ఆంటీ అనకుండా ఉండలేడు. ల్యాప్‌టాప్ తెరిచి, పాట ఎలా కట్టాడో అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టాడు.

"రికార్డులో మిగతా అన్నిచోట్లా గొంతుకి వాయిద్యాలు అడ్డమొచ్చాయి ఆంటీ. చిట్టచివర అన్నీ ఆగిపోయి గొంతొక్కటే మిగిలింది. ఆ ముక్క దొరక్కపోతే నాకు పాటే లేదు."

డ్యాన్సు కోసం వేగం పెంచానని, వేగం పెంచితే గొంతు సన్నబడుతుందని, అసలు రికార్డులో ఇలా ఉండేదని చెప్పి ఒక మీట నొక్కాడు.

గదిలోకి నిండుగా, కాస్త లావుగా ఒక గొంతు వచ్చింది. "ఇంకాసేపు ఉండి", చిన్న ఊపిరి, "పో". పరిగెత్తుకొచ్చి మైకు ముందు నిలబడ్డ మనిషి ఊపిరి అది. అక్క తన ఊపిరిని తనే గుర్తుపట్టింది. నోటి నిండా సూదులు, మాట్లాడే దారి లేదు. తలెత్తి అద్దంలోకి చూసింది. చెల్లెలు అప్పటికే ఆమెనే చూస్తోంది.

అక్క సూదులు ఒక్కొక్కటే తీసి మెల్లగా డబ్బాలో వేసింది. చెల్లెలికి నోరు విప్పడానికి కావలసినంత వ్యవధి ఇచ్చింది. చెల్లెలు భుజం దగ్గర ముడత సరిచేసుకుంది. ఇంతలో ఫోన్ మోగి టోపీ బాల్కనీలోకి వెళ్లాడు.

"నీకు ముందే తెలుసు," అంది అక్క.

చెల్లెలు మొండికేసింది. "నాదని నేనన్నానా? నువ్వే కదా ఫోన్ చేసి ఏడ్చావు."

నిజమే. నిజం కాబట్టే అక్కకు ఒళ్లు మండింది. తనకు వేదిక అక్కర్లేదంది. పేపర్లో బొమ్మా అక్కర్లేదంది. ఆ అబ్బాయి లోపలికి రాగానే, అది మా అక్క గొంతు అని ఒక్క మాట అతనికి చెబితే చాలంది. బయట ఇంకెవరికీ తెలియక్కర్లేదని కూడా అంది.

"ఆ మాట పాట పొడుగునా నేనే పాడానక్కా," అంది చెల్లెలు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "పొద్దున్నుంచీ పాడి గొంతు చించుకున్నాను. వాడికి పనికొచ్చింది నువ్వు పాడిన ఒక్కసారే. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను?"

టోపీ తిరిగొచ్చాడు. అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కిటికీ వైపు తిరిగింది. ఇక లాభం లేదని అక్కే లేచి, ఆ ముక్క పాడింది తనని చెప్పేసింది. ఆ కుర్రాడు నవ్వలేదు, కాదనలేదు. అలాగా ఆంటీ, ఏదీ ఒకసారి పాడండి అన్నాడు.

ఆమె పాడింది. ఏళ్ల తరబడి ఇస్త్రీ ఆవిరీ నూలు దుమ్మూ పీల్చిన గొంతు, ముందు బొంగురుపోయింది, తర్వాత వణికింది, "పో" దగ్గరకొచ్చేసరికి అసలు పలకనేలేదు. టోపీ చప్పట్లు కొట్టాడు. పెద్దవాళ్లు ఏం చేసినా కొడతామే, అలా. బాగుందాంటీ అని చెల్లెలి వైపు చూశాడు. అక్క కాక ఆ గదిలో నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"మా అక్కకి కూడా చిన్నప్పట్నుంచీ పాటలంటే ప్రాణం," అంది చెల్లెలు.

అబద్ధాలకోరని ముఖం మీద అనుంటే అక్క పోట్లాడేది. ఇలా పసిపిల్లను దువ్వినట్టు అనేసరికి పోట్లాడడానికి కూడా ఏమీ మిగల్లేదు. సంచి తీసుకుని చెప్పులేసుకుంది. సగం కుట్టిన గౌనుతో చెల్లెలు మెట్ల దాకా వచ్చి, సోమవారానికల్లా కావాలక్కా అంది. ఆ ధైర్యాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

"వేరే దర్జీని చూసుకో," అంది అక్క.

క్లబ్బులో కార్యక్రమం అదిరిపోయిందని పేపర్లో వచ్చింది. షాపులో ఆ పాట వచ్చినప్పుడల్లా ఓనరు, ఆమె సంతోషిస్తుందని, రేడియో సౌండు పెంచుతూనే ఉన్నాడు. ఆమె వద్దనలేదు. ఒకరోజు ప్యాంటు కోసం వచ్చిన పెద్దమనిషి, అది మీ చెల్లెలు పాడిందటగా అని అడిగాడు.

"మా చెల్లెలు కాదండీ. వేరే ఆవిడ," అంది అక్క, పళ్లతో దారం కొరికి. "పోయి చాలా కాలమైంది."

"అయ్యయ్యో, అంత మంచి గొంతు," అన్నాడాయన.

అక్క ప్యాంటు మడిచి ఆయన చేతికిచ్చింది.