ఊపిరి బిగబట్టిన పద్దెనిమిది సెకన్లు

బోయిన్‌పల్లి మార్కెట్‌లో ముప్ఫై ఏళ్లుగా టమాటా వేలం పాడే సదాశివకు కాలేయంలో గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలింది. అది క్యాన్సరా కాదా తేల్చాలంటే ఎమ్మారై తీయాలన్నారు. సికింద్రాబాద్‌లో అతను వెళ్లిన సెంటర్‌లో ఆ మిషన్ నడిపేది దుర్గ. విజయనగరం నుంచి వచ్చి నాలుగేళ్లయింది.

మొదటి బొమ్మలన్నీ మసకగా వచ్చాయి. మైకులో "ఊపిరి బిగబట్టండి" అన్నప్పుడల్లా సదాశివ భయంతో ఇంకా రొప్పుతున్నాడు.

"ఇట్లయితే ఏం చెప్పలేం దుర్గా," అంది పక్కనే ఉన్న రేడియాలజిస్టు కల్పలత. "గడ్డ తెల్లగ కనబడెటందుకు మందు ఎక్కించినంక మొదటి అరనిమిషమే ముఖ్యం. అప్పుడు కదిలితే పోయినట్టే."

దుర్గ లోపలికి వెళ్లి బల్లను బయటికి జరిపింది.

"నాతోని కాదు బిడ్డా. గీ డబ్బాల పరేషాన్ అయితున్న," అన్నాడు సదాశివ.

"బాబాయ్, వేలం ఎలా పాడతారో ఒకసారి చెప్పండి."

వింతగా చూశాడు. అయినా పడుకున్నచోటే గొంతెత్తాడు. "టమాటా పెట్టే... ఒకటోసారీ... రెండోసారీ..." అని టక్కున ఆగాడు. ఛాతీ కదల్లేదు.

"ఎందుకాగారు?"

"ఎవలన్న పాట పెంచుతరేమోనని చూస్తం గద!"

"అంతే బాబాయ్! నేను రెండోసారి అన్నాక, మూడోసారి అనేదాకా అలాగే ఉండండి."

మందు నరంలోకి వెళ్లింది. దుర్గ మైకుకు నోరానించి "ఒకటోసారీ... రెండోసారీ!" అని గట్టిగా పాడింది. తెర మీద ఊపిరి గీత ఎగుడుదిగుడు లేకుండా తిన్నగా సాగింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది సెకన్లు. "మూడోసారి! గాలి పీల్చుకోండి!"

ఈసారి బొమ్మలు అద్దంలా వచ్చాయి. గడ్డ అంచుల్లో తెల్లని చుక్కలు. కల్పలత కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇంకోసారి పాడు దుర్గా, పాడు!"

తర్వాతి బొమ్మల్లో ఆ తెలుపు లోపలికి పాకింది. ఐదు నిమిషాలకు గడ్డంతా నిండిపోయింది.

"చూసినవా, అంచు నుంచి నడుమకు నిండింది! క్యాన్సర్ కాదిది. రక్తనాళాల ముద్ద, ఏం చేయదు!"

దుర్గ మైకు ఆపేసి, ఉండబట్టలేక ఒక్క కేక పెట్టింది.

బయట బల్ల మీద కూర్చున్న సదాశివ భార్య సుమిత్రకు కల్పలతే వచ్చి చెప్పింది. "మళ్లొకసారి చెప్పుండ్రమ్మా," అంది సుమిత్ర. మళ్లీ చెప్పాక కళ్లు తుడుచుకుంటూ, "జెర ఆయనకు సుత మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మడు."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన సదాశివకు కల్పలతే చెప్పింది. అతను గట్టిగా నవ్వేశాడు.

"ఆకలైతుంది సుమిత్రా. నిన్నటి సంది ముద్ద దిగలే. నడువు, ఇడ్లీ తిందాం."