రెండు నత్తల చిరునామా

కుళాయి సన్నగా తిప్పుకుని ఆవిడ నలభై రెండో నత్తగుల్లకు స్నానం చేయిస్తోంది. పళ్లు తోముకునే బ్రష్షుతో మెలిక వెంట రుద్దడం, చెవి దగ్గర ఆడించి నీళ్లు మిగిలాయేమో వినడం, పాత తువ్వాలు మీద బోర్లించడం. సముద్రజీవుల మ్యూజియం వెనకగదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఇవాళ సాయంత్రం అయిదింటికి రిటైర్మెంటు.

"చచ్చిన నత్తలకి రోజూ స్నానాలు పోస్తావు. బతికున్న మొగుడు వేడినీళ్లడిగితే మాత్రం మోకాళ్ల నొప్పులు!" అని పొద్దున కూడా ఆయన దెప్పాడు.

"వాటికీ నోరుందండీ. కానీ తిరిగి అనవు."

నవ్వుతూనే వచ్చింది గానీ ఇవాళైనా పాత తప్పొకటి ఒప్పేసుకోవాలి. చేరిన మొదటి వారంలో గుల్లల పళ్లెం ఒకటి చేయి జారి చీటీలు చెదిరిపోయాయి. అప్పటికి అక్షరం ముక్క రాదు. రెండు బూడిదరంగు నత్తల చీటీలను, కాస్త పెద్దదానికి పెద్ద చీటీ, చిన్నదానికి చిన్న చీటీ అని సర్దేసింది. కూతురి వాచకం పట్టుకుని చదవడం నేర్చుకున్నాక గానీ తప్పు తెలిసిరాలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. దేవుడు నత్తకి ఇల్లు వీపు మీదే కట్టిచ్చాడు, ఆ ఇంటి చిరునామా మార్చడానికి తనెవరు? దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఇదే ప్రశ్న.

మూడింటికి, కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ టీ తాగుతుంటే, పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఆఫీసరమ్మ తన కూతురి ఈడు పిల్ల.

"అమ్మాయిగారూ, ఈ రెండిటి చీటీలూ తారుమారయ్యాయి. చేసింది నేనే."

"రెండూ ఒకేలా ఉన్నాయి కదక్కా! ఎలా చెప్పగలరు?"

"నోరు చూడండి. దీనికి గిన్నెలా వెడల్పు. అలలు బాదే రాయిని పట్టుకోవాలంటే పాదం పెద్దదుండాలి. అంత పాదం పట్టాలంటే వాకిలీ పెద్దదుండాలి. దీని చీటీ మీదేమో బురదనేల అని ఉంది! ఇదిగో, సన్న వాకిలిది, బురదలో ఉండేది ఇదీ."

రెండోదాని లోపలికి సిరంజితో నీళ్లు చిమ్మింది. చిటికెడు నల్లబురద జారి తెల్ల సాసరులో పడింది.

"ఇన్నేళ్లూ దీన్నొక్కదాన్నే లోపల కడగలేదు. సాక్ష్యం కొట్టుకుపోతుందని."

ఆఫీసరమ్మ భూతద్దం పెట్టి చూసింది. లావుపాటి పుస్తకం తిరగేసింది.

"ఎంతమంది పెద్ద చదువులవాళ్లు చూసి వెళ్లారో! ఒక్కరికీ తట్టలేదు!" అని పిల్ల పకపకా నవ్వేసింది. "ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలా, సన్మానం చేయాలా?"

"ముందు చీటీలు మార్చండి తల్లీ. మిగతాది మీ ఇష్టం."

ఆఫీసరమ్మ కొత్త చీటీలు రాసింది. కింద, గుర్తించినవారు అన్నచోట, ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ కూడబలుక్కుని చదువుకుంది. మళ్లీ చదువుకుంది.

అయిదింటికి బయట స్కూటరు హారను మోగింది. "రావే, నీకంటే నీ నత్తలే నయం!" అని ఆయన కేక. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

వెనకగదిలో కడగకుండా మిగిలింది ఒక్క సాసరే. కిటికీ గట్టు మీద, సాయంత్రపు ఎండలో, ఆ నల్లబురద అంచుల వెంబడి మెల్లగా ఆరుతోంది.