ఆరు కేజీల పైపు

చెంగయ్య వాళ్ల బోరులోకి ఘని దించిన కెమెరా తొంభై అడుగుల దగ్గర ఆగిపోయింది. బోరు గోడ కూలకుండా దించే కేసింగ్ పైపు గుండ్రంగా ఉండాల్సింది, ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి, మోటరు పైపును పట్టేసుకుని కనిపించింది ఘని చేతిలోని చిన్న తెర మీద. మోటరు దానికి చాలా కింద ఉంది. ఇక అది పైకి రాదు.

ముప్పై ఏళ్లుగా పుంగనూరు చుట్టుపక్కల మోటర్లు దించీ ఎత్తీ ఘని నడుం అరిగిపోయింది. ఇలా నొక్కుకున్న పైపులు ఇంతకుముందూ చూశాడు. చూసినప్పుడల్లా తప్పు బోరేసిన రిగ్గువాళ్లదే అనేసి ఇంటికి పోయేవాడు.

"ఏమైందప్పా?" అంది చెంగయ్య భార్య గంగులమ్మ. వెనక టమోటా తోట పూత మీదుంది. నాలుగు రోజుల్లో తడి అందకపోతే రాలిపోతుంది.

"పోయిన నెల వానలకు బయట మన్ను నానిందమ్మా. మోటరు తోడి తోడి లోపల నీళ్లు కిందికి పోయినాయి. బయట నొక్కేదుండాది, లోపల ఆనిక లేదు. పల్చటి పైపు గదా." చెబుతుండగానే ఆ మాట అతనికే గుచ్చుకుంది.

ఆమె మొగుడి మీదికి తిరిగింది. "పది కేజీల పైపు తెమ్మంటే ఆరు కేజీలది యాల తెస్తివి? మోటరు ఇరుక్కున్న కాణ్ణుంచి మూడు దినాలుగా అడుగుతాండా, బెల్లం కొట్టిన రాయి మాదిరి ఉండావు."

చెంగయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఆరేళ్ల కిందట అంగట్లో పది కేజీల పైపు మీద చెయ్యేసిన చెంగయ్యను ఆపింది ఘనీనే. కేజీలంటే లోపలి నీళ్ల తోపుడు లెక్క, కేసింగ్‌లో తోసే నీళ్లేముంటాయి, ఆరు చాలు అన్నాడు. బయటినుంచి మన్ను నొక్కుతుందని ఆ పెద్ద తెలివికి తట్టలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

చెంగయ్య వద్దన్నట్టు తల ఆడించాడు. అయినా ఘని చెప్పేశాడు. "ఆయన్ననొద్దమ్మా. ఆరు చాలని చెప్పింది నేను."

ఆమె మొగుణ్ణి చూసింది. "నాకు చెప్పలేదే?"

"చెప్తే ఈయన్ను గడప తొక్కనిస్తావా? మోటరు చూసేదానికి మనకు ఇంకెవురుండారు?" అన్నాడు చెంగయ్య.

తిడుతుందని ఘని తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె తోట వైపు చూసింది.

"మా పూత ఎట్లా పాయ. ఆరు చాలనే ఈ మాట ఇంకెవురికి చెప్పినావప్పా?"

"శానామందికి. నిన్న గూడా, బి.కొత్తకోటలో ఒకాయనకు. రేపు బోరేస్తాండారు."

"ఫోను తియ్యి మరి," అంది గంగులమ్మ.