శుక్రవారం అలలు ఉండవు

మా డాక్టరు గారి చెయ్యి మంచిది. పన్ను పీకినట్టే తెలియదని ఊరంతా అంటారు. చిక్కల్లా ఆ చెయ్యి ఎప్పుడు క్లినిక్‌లో ఉంటుందో, ఎప్పుడు సర్ఫింగ్ బోర్డు మీద ఉంటుందో ఆయనకే తెలియకపోవడం. నేను చేరిన కొత్తలో ఒక బ్యాంకు మేనేజరు నోట్లో దూది కుక్కి, "ఒక్క నిమిషం" అని వెళ్లినాయన సాయంత్రం తల తుడుచుకుంటూ వచ్చారు. ఆ దూది నోటితో మేనేజరు తిట్టిన తిట్లలో నాకు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, అన్నీ నన్నేనని మాత్రం తెలిసింది.

ఎందుకంటే రిసెప్షన్‌లో కూర్చునేది నేను. ఫోను ఎత్తేది, తిట్లు తినేది కూడా నేనే. ఆయన్ని మార్చడం నా వల్ల కాదని తేలిపోయాక సముద్రాన్ని కనిపెట్టడం నేర్చుకున్నాను. నాకు ఈత రాదు. చీలమండ దాటి నీళ్లలో దిగిందీ లేదు, దిగే ఉద్దేశమూ లేదు. ఉద్యోగం అలాంటిది.

ఊరి చివర సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాతి గుట్ట ఉంది. దాన్నే అందరూ పాయింట్ అంటారు. మామూలు ఒడ్డున అల ఎక్కడ పడితే అక్కడ విరిగిపోతుంది. ఇక్కడ అలా కాదు. అల వచ్చి ఆ రాతి ముక్కుకి తగిలి, అక్కణ్నుంచి ఒకే వైపుకి, చుట్టిన చాప విప్పుతున్నట్టు, రాళ్ల అంచు వెంబడి విరుగుతూ లోపలి ఇసుక దాకా వస్తుంది. దాని మీద నిలబడ్డవాడికి ఒక్క అలకే బోలెడంత ప్రయాణం. కాని చాలా రోజులు అది నిద్రపోతూనే ఉంటుంది. లేవాలంటే దక్షిణాన ఎక్కడో దూరంగా తుఫాను పుట్టాలి, అలకీ అలకీ మధ్య ఎడం బాగా ఉండాలి, గాలి నేల మీంచి సముద్రం వైపు వీయాలి, పోటు సగంలో ఉండాలి. పెళ్లి సంబంధం కుదరడం ఇంతకన్నా తేలిక.

పొద్దున్నే వాతావరణ శాఖ వాళ్ల సముద్రం వార్తలు చూస్తాను. పోటు వేళలు చూస్తాను. మా క్లినిక్ కింద ఉన్న హార్డ్‌వేర్ షాపు బ్యానరు ఎటు ఊగుతోందో చూస్తే గాలి సంగతి తెలిసిపోతుంది. పాయింట్ లేచే రోజున ఎవరికీ అపాయింట్‌మెంట్ ఇవ్వను. "డాక్టరు గారు సదస్సుకి వెళ్తున్నారండీ" అంటాను. సముద్రం పడుకునే రోజున రూట్ కెనాళ్లన్నీ వరసపెట్టి కూర్చోబెడతాను. అలా రెండేళ్లుగా ఎవరి నోట్లోనూ దూది మిగిలిపోలేదు. డాక్టరు గారు దీన్ని నా తెలివనుకోలేదు. తన అదృష్టమనుకున్నారు.

ఈ పద్ధతిలో నాకు అర్థం కానిది ఒక్కటే. ఫోను చేసి ఫలానా రోజు ఉందా అని అడుగుతారు. లేదంటే చాలు, గొంతులో సంతోషం పొంగిపోతుంది. "చాలా థాంక్సండీ, మీరు చల్లగా ఉండాలి" అని పెట్టేస్తారు. ఉంది, రండి అంటేనేమో నీళ్లు నములుతారు. పళ్ల డాక్టరంటే అందరికీ భయం కదా, పాపం, అనుకునేదాన్ని. నా గొంతు కూడా కాస్త తియ్యగానే ఉంటుందిలే అని కూడా అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు.

ఇక మా అత్తగారు. ఊళ్లో సగం మందికి పాట నేర్పింది ఆవిడే. డాక్టరు గారు కూడా చిన్నప్పుడు ఆవిడ దగ్గర కూర్చున్నవారే. కూర్చున్నది తక్కువ, కిటికీ దూకి సముద్రానికి పారిపోయింది ఎక్కువ అని ఆవిడ చెబుతారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ నన్ను పిలిచే పేరు "ఇదిగో". నేను వండిన కూరలో ఉప్పు గురించి గానీ, నేను చెప్పే సముద్రం గురించి గానీ ఆవిడకి నమ్మకం లేదు. రెండూ ఉజ్జాయింపు వ్యవహారాలేనని ఆవిడ అభిప్రాయం.

ఈ ఏడాది ఆవిడ పాత శిష్యులంతా కలిసి మ్యూజిక్ స్కూలు హాల్లో ఒక సాయంత్రం పెట్టుకున్నారు. శుక్రవారం. టీచరుగారు ఒక్క పాట పాడాలన్నారు, ఆవిడ సరేనన్నారు. ఆ సరికే నోట్లో ఒక్క పన్నూ లేదు. చివరి పళ్లు తీయించుకుని, చిగుళ్లు మానడం కోసం చూస్తున్నారు. కట్టుడు పళ్లు ఇంకా రాలేదు. పాడబోతే త, ద, స అన్నీ గాలిలో కలిసిపోతున్నాయి. మాకు వినబడకూడదని బాత్రూంలో ట్యాప్ విప్పుకుని సాధన చేసేవారు. ఒకరోజు ఆ నీళ్ల చప్పుడు వెనక ఆవిడ ఒకే మాటని మళ్లీ మళ్లీ పట్టుకోబోయి జారవిడుచుకోవడం విన్నాను. ఈవిడకి పళ్లు పెట్టించే పూచీ నాదేనని ఆ నిమిషంలో అనుకున్నాను.

పళ్లు బుధవారం వచ్చాయి. గురువారం డాక్టరు గారికి రోగులు నిండిపోయి ఉన్నారు. దక్షిణాన తుఫాను పుట్టింది గానీ దాని అలలు శనివారానికి గాని రావని నా లెక్క. అందుకని అత్తగారికి శుక్రవారం ఉదయం రాశాను, శనివారం మొత్తం సదస్సు పెట్టాను.

"శుక్రవారం అలలు ఉండవత్తయ్యా, ఆయన కదలరు" అన్నాను.

"నీ మాట మీద నా పళ్లు పెడుతున్నాను, ఇదిగో" అన్నారావిడ.

శుక్రవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. అత్తగారు క్లినిక్ తెరవగానే వచ్చి, డాక్టరు గారు వచ్చేదాకా నా ఎదురుగా కూర్చుని ఫోనుల్లో నేను మాట్లాడేవన్నీ విన్నారు. తర్వాత లోపల కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీని నేనెప్పుడో గోడ వైపు తిప్పించాను, కిటికీకి దళసరి కర్టెన్ వేయించాను. దుమ్ము వస్తోందని చెప్పాను. డాక్టరు గారు కింది వరస పెట్టారు. చక్కగా కూర్చుంది. పై వరస చేతిలోకి తీసుకుని, రంగు పగటి వెలుతురులో చూడాలంటూ కిటికీ దగ్గరికి వెళ్లి, నేను వద్దనేలోగా కర్టెన్ పక్కకి లాగారు.

ఆయన అక్కడే ఆగిపోయారు. ఆ వీపు చూసే నాకు అర్థమైంది, కొంప మునిగిందని. నేనూ వెళ్లి చూశాను. పాయింట్ దగ్గర అలలు ఒకదాని వెనక ఒకటి, దువ్విన జుట్టులా, నిదానంగా వస్తున్నాయి. ఎడం ఎక్కువున్న అలలు మిగతావాటి కన్నా వేగంగా నడుస్తాయన్న సంగతి నాకు తెలియనిది కాదు. ఆ లెక్కే వేయడం మర్చిపోయాను.

"ఒక్క నిమిషం" అన్నారు డాక్టరు గారు. పై పళ్లు కోటు జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

నేనూ అత్తగారూ టాక్సీ పట్టుకుని పాయింట్‌కి వెళ్లేసరికి ఆయన కారు గుట్ట కింద నిలబెట్టి ఉంది. తలుపులు వేసి ఉన్నాయి. కోటు సీటు మీద పడేసి ఉంది. మా అత్తగారి పై వరస డాష్‌బోర్డు మీద కూర్చుని అద్దంలోంచి మమ్మల్ని చూసి నవ్వుతోంది. తాళంచెవి ఆయన మెడలో వేలాడుతుంది. మెడ సముద్రంలో ఉంది.

అలలు లేచిన రోజున బోర్డులతో కిటకిటలాడే పాయింట్ దగ్గర ఇవాళ పురుగు కూడా లేదు. అంత గొప్ప అలలు, మొత్తం ఆయనొక్కరివే. ముక్కు దగ్గర లేచి, లోపలి ఇసుక దాకా వచ్చి, మళ్లీ చేతులతో నీళ్లు తోసుకుంటూ వెనక్కి వెళ్లేవారు. నేను రాళ్ల మీద నిలబడి రెండు చేతులూ ఊపాను. ఆయన కూడా హుషారుగా చెయ్యి ఊపారు.

నేను అత్తగారిని ఒక బల్లపరుపు రాయి మీద కూర్చోబెట్టి ధైర్యం చెప్పాను. మధ్యాహ్నానికి నేల వేడెక్కుతుంది, గాలి తిరిగి సముద్రం మీంచి వీస్తుంది, అలలన్నీ చెదిరిపోతాయి, అప్పుడాయనే బయటికి వస్తారు అని వివరించాను. ఆవిడ అంతా విన్నారు. తర్వాత తల పైకెత్తి మబ్బు చూశారు.

"నేల వేడెక్కడానికి ఎండేదీ?" అన్నారు, సగం పళ్లతోనే.

మధ్యాహ్నమైంది. గాలి తిరగలేదు. పోటు నిండి అల చచ్చిపోయే వేళకి సాయంత్రం అవుతుంది. ఆ సాయంత్రమే హాల్లో పాట. ఒకే రోజు రెండుసార్లు తప్పాను. నేను చేతులెత్తేసి ఆవిడ పక్కన కూలబడ్డాను. అద్దం పగలగొడదామా అని కూడా అడిగాను. శిష్యుడి కారు పగలగొట్టే ఖర్మ తనకింకా పట్టలేదన్నారు.

తర్వాత ఆవిడ, ఏదో పాటలో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు మొహం పెట్టి అడిగారు.

"పొద్దున నువ్వు ఫోనులో రేపు డాక్టరు లేరని చెప్తే ఆ మనిషి అంత సంబరపడ్డాడెందుకు?"

"పళ్లు పీకించుకోవడమంటే భయం కదా అత్తయ్యా."

"భయమైతే అసలు ఫోనెందుకు చేశాడు?"

రెండేళ్లు. రెండేళ్లుగా ఊరు ఊరంతా నన్ను వాతావరణ కేంద్రంలా వాడుకుంటోంది. డాక్టరు లేరంటే అలలున్నాయి, రమ్మంటే లేవు. ఈ శుక్రవారం అందరినీ రమ్మన్నాను గనకే పాయింట్ ఇలా బోసిపోయి ఉంది. నా గొంతు తియ్యదనం సంగతి అప్పుడే తేలిపోయింది. సిగ్గేసింది, ఒళ్లు మండింది, వెంటనే నవ్వు కూడా వచ్చింది. అత్తగారి మొహం చూశాను. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

ఫోను తీసి ముందు హార్డ్‌వేర్ షాపు ఆయనకి చేశాను. మధ్యాహ్నం ఆయనకి రూట్ కెనాల్ ఉంది. క్షమించండి, డాక్టరు గారు ఉన్నట్టుండి సదస్సుకి వెళ్లారు, ఇవాళ లేరు అన్నాను. అటువైపు షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. "మీ మేలు మర్చిపోనమ్మా" అని ఫోను పెట్టేశాడు. తర్వాత డ్రైవింగ్ స్కూలు మాస్టారికి చేశాను. మూడో ఆయన నంబరు అప్పటికే ఎంగేజ్ వస్తోంది. ఇంక నేను చేయాల్సిన అవసరం రాలేదు.

కాసేపటికల్లా దారంతా దుమ్ము. స్కూటర్ల మీద బోర్డులు, కార్ల మీద బోర్డులు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు నేర్చుకునేవాణ్ని కారులోనే వదిలేసి పరిగెత్తారు. బ్యాంకు మేనేజరు టై విప్పుకుంటూ నా పక్కనుంచే వెళ్తూ, ఆలస్యంగా చెప్పారేమిటని నా మీద విసుక్కున్నాడు. ఒక్కో అల మీద నలుగురేసి, ఒకరి దారికి ఒకరు అడ్డం, అరుపులు. డాక్టరు గారు మధ్యలో కాసేపు ఓర్చుకున్నారు. ఒక అల మీద మేనేజరు, షాపాయన ఇద్దరూ ఆయన ముందు పడ్డాక బోర్డు చంకన పెట్టుకుని, పళ్లు నూరుతూ బయటికి వచ్చారు.

మమ్మల్ని చూశారు. ఆ తర్వాత అత్తగారి నోరు చూశారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

సిగ్గుతో కాసేపు ఎటు చూడాలో తెలియలేదు. తాళం తీసి, చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, ఆవిడని ముందు సీటులో కూర్చోబెట్టి, ఒళ్లంతా నీళ్లు కారుతూనే పై వరస పెట్టారు. కొరకమన్నారు, పక్కలకి కదపమన్నారు. ఒకచోట గుచ్చుకుంటోందంటే కోటు జేబులోంచి చిన్న ఆకురాయి తీసి రుద్దారు. చెయ్యి మంచిదని ముందే చెప్పాను కదా. పని అయిపోయాక సిగ్గంతా కోపమై నా మీదికి వచ్చింది. అపాయింట్‌మెంట్లు నింపేసి శుక్రవారం అలలుండవని చెప్పకనే చెప్పింది నేనేనట. ఇంకెప్పుడూ నా లెక్కలు నమ్మనన్నారు. అంటే నా లెక్కల సంగతి ఆయనకి మొదట్నుంచీ తెలుసన్నమాట.

మా అత్తగారు అద్దంలో పళ్లు చూసుకోవడం ఆపి ఆయన వైపు తిరిగారు. కొత్త పళ్లతో ఆవిడ మాట్లాడిన మొదటి మాటలవి. ప్రతి అక్షరం గంటకొట్టినట్టు పలికింది.

"మా అమ్మాయి సముద్రం విషయంలో తప్పితే తప్పొచ్చు. నీ విషయంలో ఎప్పుడైనా తప్పిందా?"

డాక్టరు గారు తల వంచుకున్నారు. నేను తల పక్కకి తిప్పుకున్నాను, కళ్లు తుడుచుకోవాలి గదా. అమ్మాయి అని ఆవిడ అనడం అదే మొదలు.

సాయంత్రం హాలు నిండిపోయింది. సగం మంది తలలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆవిడ పాడారు. త, ద, స, ఒక్కటీ జారిపోలేదు. బాత్రూంలో నీళ్ల చప్పుడు వెనక విరిగిపోయిన ఆ మాట కూడా వచ్చింది. ఆవిడ దాన్ని అలవోకగా దాటేశారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ముందు వరసలో డాక్టరు గారు బుద్ధిగానే కూర్చున్నారు. అయితే ఆ హాలుకి ఒక కిటికీ ఉంది, అందులోంచి పాయింట్ కనిపిస్తుంది, పొద్దింకా వాలలేదు. ఆయన మెడ కొంచెం కొంచెంగా అటు తిరుగుతోంది. అత్తగారు చరణం అందుకుంటూనే నా వైపు చూసి, తాళం వేస్తున్న చేత్తోనే కిటికీ చూపించారు.

నేను లేచి వెళ్లి కర్టెన్ వేశాను.