సున్నా వచ్చిన చోట

గణిత దినోత్సవానికి సోమేశ్వరరావు మాస్టారిని పిలుద్దామన్నది జ్యోతిర్మయే. చిన్నప్పుడు అవనిగడ్డలో ఆమెకు లెక్కలు చెప్పింది ఆయన. ఇప్పుడామె గుడివాడ కాలేజీలో అవే లెక్కలు చెబుతోంది. తీరా పిలిచాక ఆమెకు నిద్ర కరువైంది.

మాస్టారి లెక్క పిల్లలాటలాంటిదే. ఒకటి వేసుకో, రెట్టింపు చెయ్యి, వచ్చిన అంకెల్ని చిన్నది ముందు పెద్దది వెనక వచ్చేలా పేర్చు, మళ్ళీ రెట్టింపు చెయ్యి. పదహారు ముప్ఫై రెండవుతుంది, పేరిస్తే ఇరవై మూడు. ఇలా చేస్తూ పోతే సంఖ్య అంతూపొంతూ లేకుండా పెరుగుతుందని ఆయన నమ్మకం. రిటైరయ్యాక ఆయనకు అదే లోకం.

సభలో చెబుతానంటూ ఆయన ఫోన్‌లో పంపిన లెక్కను జ్యోతిర్మయి తనూ చేసి చూసింది. 488890 దగ్గర సున్నా తగిలింది. పేరిస్తే సున్నా ముందుకు పోయి 48889 మిగలాలి. ఆ సంఖ్య అంతకుముందే ఒకసారి వచ్చింది. అంటే పెరగడం లేదు, గానుగెద్దులా తిరుగుతోంది. మాస్టారు మాత్రం సున్నాకు బదులు ఒకటి పెట్టి 148889 వేశారు. ఈ ఒకటి ఎక్కడిదని ఆలోచిస్తే నవ్వూ, భయమూ రెండూ వచ్చాయి. దివిసీమ పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని చదివింపులు చదివేది ఆయనే. ఎవరైనా ఐదువందలిస్తే, శుభమా అంటూ సున్నాతో ముగియకూడదని తన జేబులోంచి రూపాయి కలిపి మరీ చదువుతారు. అలవాటుపడ్డ చెయ్యి లెక్కలోనూ ఊరుకోలేదు.

చెప్పాలని ఫోన్ చేసింది. "భోజనం చేశారా మాస్టారూ?" అని పెట్టేసింది. అంత పెద్దాయనకు తప్పు చూపించడానికి మనసొప్పలేదు.

గణిత దినోత్సవం నాడు బోర్డు మీద మాస్టారు హుషారుగా రాసుకుంటూ పోయి సున్నా దగ్గర అలవాటుగా ఒకటి వేశారు. నీలోఫర్ అనే అమ్మాయి లేచింది.

"సార్, ఆ ఒకటి ఎక్కణ్ణుంచొచ్చిందండీ?"

మాస్టారు సున్నా వచ్చిన వరుసను వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నారు. ఒకటి చెరిపి 48889 రాశారు. పైన వరుసలో అదే సంఖ్య కనబడగానే చిన్నపిల్లాడిలా కేకేశారు.

"ఇది పైనే ఉంది కదర్రా! తిరిగొచ్చేసింది!"

హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు. గండం గడిచిందనుకుంది జ్యోతిర్మయి.

బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన మెల్లగా అడిగారు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసండీ. మీరు బాధపడతారేమోనని..."

"తప్పు చేసినప్పుడల్లా నీచేత మళ్ళీ చేయించాను. నువ్వు బాధపడతావని ఏనాడైనా ఆగానా?"

మాస్టారు భుజం మీది శాలువా వైపు చూసుకున్నారు.

"నాకిక లెక్కలెందుకు, శాలువా కప్పేస్తే చాలనుకున్నావా అమ్మా?"

బస్సొచ్చింది. మాస్టారు శాలువా తీసి ఆమె చేతిలో పెట్టి ఎక్కేశారు.