చుక్కి బరువు

తెల్లారి అయిదింటికి గోపిక పొయ్యి మీద రెండు గిన్నెలు పెడుతుంది. పెద్ద గిన్నెలో తనకూ మహేష్‌కూ అన్నం. చిన్న గిన్నెలో చుక్కికి అన్నం, కోడికార్జం, పైన రెండు గుడ్లు. ఉప్పు వెయ్యదు, కారం వెయ్యదు. మాచవరం పొలాలకు మిరపకాయల కోతకు తీసుకెళ్ళే ఆటో ఆరున్నరకల్లా వీధి చివర హారన్ కొడుతుంది. ఆలోగా పొద్దుటి తిండి తానే కుక్కకు పెట్టి, పగటికి కావలసింది మూత గిన్నెలో సర్ది మొగుడి చేతికిచ్చి, తలకు గుడ్డ చుట్టుకుంటూ పరిగెడుతుంది.

చుక్కి నుదుటన తెల్లమచ్చ ఉన్న బూడిదరంగు ఆడకుక్క. గేదెల పాకలో ఏడు పిల్లల్ని ఈనింది. ఈనిన వారానికే పక్కటెముకలు లెక్కపెట్టేలా అయితే గోపిక ఒకపూట కూలి మానుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ షాహీన్ మేడమ్ నులిపురుగుల మందిచ్చి, కాగితం మీద రాసి మరీ చెప్పింది.

"పాలిచ్చే కుక్కకు మామూలు కంటే రెండింతలు, మూడింతలు తిండి కావాలి గోపికా. ఒక్కసారే పెట్టేస్తే అరగదు. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టు. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. నాలుగో వారం నుంచి పిల్లలకు పల్చగా రాగిజావ నాకించు, తల్లికి తెరిపినిస్తుంది."

"పగలంతా నేను చేలో ఉంటా మేడమ్."

"ఇంట్లో ఎవరూ లేరా?"

ఉన్నాడు. మహేష్ రాతి క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టేవాడు. క్వారీ మూతబడి నాలుగు నెలలైంది. అప్పట్నుంచి ఇంటిపట్టునే ఉంటున్నాడు. పొద్దున్నా రాత్రీ తాను పెడతానని, పగటి రెండు పూటలూ అతను పెట్టాలని గోపిక చెబితే మహేష్ చుక్కి తల నిమిరి, "అదెంత పని! నేను చూసుకుంటాలే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను నవ్వాడు కూడా. గోపికకు ఆ నవ్వంటే ఇష్టం.

ఆదివారం ఆదివారం చుక్కిని తూచేవాళ్ళు. పత్తి తూచే కొక్కెం కాటా పాక దూలానికి తగిలించి, పాతచీరను ఉయ్యాలలా కట్టి, అందులో దాన్ని కూర్చోబెడితే పక్కింటి ఆరోగ్యమ్మ కళ్ళజోడు సవరించుకుని ముల్లు చదివేది. మొదటి ఆదివారం పదిహేడు. రెండో ఆదివారం పదిహేను. మూడో ఆదివారం పన్నెండు దగ్గర ముల్లు ఆగిపోతే ఆరోగ్యమ్మ కాటాను రెండుసార్లు తట్టి చూసింది.

"ఏందమ్మాయ్ ఇది? రోజూ గుడ్లు, కార్జం అంటివి?"

"పెడతానే ఉన్నాం పెద్దమ్మా."

"పెట్టిందంతా గిన్నె నాకి మరీ తింటంది," అన్నాడు మహేష్ అరుగు మీంచి. "ఆ ఏడూ కలిసి పీకేస్తంటే ఒంటికేం పడుద్ది?"

పిల్లలు పీకుతున్నాయనేది నిజమే గానీ వాటికీ కడుపు నిండటం లేదు. కుంయ్ కుంయ్ అంటూ రాత్రీపగలూ ఒకటే ఏడుపు. అన్నిట్లో చిన్నది, నల్లది, ఆ ముందురోజే ఏడుపు మానేసింది. మధ్యాహ్నానికి పోయింది. చుక్కి దాన్ని నోట కరుచుకుని సాయంత్రం దాకా పాకంతా తిరిగింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గోపిక చేలోనుంచి వచ్చి, బతిమాలి, దాన్ని తీసుకుని దిబ్బ వెనక పూడ్చింది.

ఆ ఊళ్ళో బరువు ఎటూ పోదు. ఒకరి ఒంట్లోంచి జారితే ఇంకెక్కడో చేరుతుంది. తిరిగి ఒళ్ళు చేస్తే ఎక్కడో ఒకచోట నుంచి రావాల్సిందే. నెహెమ్యా మేస్త్రి టైఫాయిడ్‌తో చిక్కిపోయినప్పుడు ఆ బరువంతా వాళ్ళ వీధితలుపులో చేరింది. ఇద్దరు కలిసి నెడితే గానీ తెరుచుకునేది కాదు. ఆయన కోలుకున్నాక తలుపు మళ్ళీ మామూలుగా ఊగింది. అందుకే అక్కడ ఎవరైనా చిక్కిపోతే ఇంట్లోవాళ్ళు ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత ఇరుగుపొరుగుకి వెళ్తారు.

గోపిక కూడా ఆ ఆదివారం ఇల్లిల్లూ తిరిగింది. "మీ ఇంట్లో ఏమన్నా బరువెక్కిందా? అయిదు కిలోల దాకా ఉండుద్ది." ఒకావిడ రోలు కదిపి చూసింది. ఒకావిడ బీరువా తలుపు తీసి వేసింది. కొళాయి దగ్గర బిందెలెత్తి చూసుకున్నారు. ఎక్కడా ఏమీ లేదు. పొద్దు వాలుతుండగా ఆరోగ్యమ్మ ఎదురొచ్చి చెప్పింది.

"వెంకటకృష్ణ దొడ్లో పుంజు కూర్చునే కర్ర ఈ వారంలో రెండుసార్లు ఇరిగిందంట. పోయి చూడు."

వెంకటకృష్ణది ఊరి చివర పెద్ద దొడ్డి. గోపిక వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. చింతచెట్టు నీడన కాలికి తాడు కట్టి ఒక ఎర్రటి డేగ పుంజు ఉంది. చూపుకు మామూలు పుంజే. కానీ అది నడిచినచోటల్లా గట్టినేలలో వేలెడు లోతున కాలిగుర్తులు దిగి ఉన్నాయి. గోపిక వంగి ఒకచేత్తో ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులూ వేసి ఎత్తింది. ఆ బరువు ఆమెకు తెలుసు. పోయిన ఆదివారాలన్నీ చీరలో పెట్టి ఎత్తిన బరువే.

పుంజు ముందు స్టీలు గిన్నె ఉంది. నానబెట్టిన బాదంపప్పుల మధ్య ఉడికించిన కార్జం ముక్కలు, గుడ్డు సొన. గిన్నె అంచున చుక్కల అక్షరాలు: గోపికకు అమ్మ. పెళ్ళిలో సామాను కొట్టువాడి చేత వాళ్ళమ్మ దగ్గరుండి చెక్కించిన పేరు.

"ఏం అమ్మాయ్, చూసుకోను వచ్చావా?" అన్నాడు వెంకటకృష్ణ. "మావాళ్ళు ఎవరూ ఇంత శ్రద్ధగా వండి పంపరు. రెండుపూటలా టైముకు తెచ్చి దగ్గరుండి తినిపిస్తన్నాడు నీ మొగుడు."

"పుంజు ఎవరిది అన్నా?"

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. "నీకు తెలీదా? మహేష్‌దే. మీ ఇంట్లో కుక్కుందని ఇక్కడ కట్టుకున్నాడు. తిరునాళ్ళకు పాత క్వారీ గుంటలో కోడిపందేలకు బరి గీస్తన్నారు. దీన్ని దింపుతాడంట."

పల్నాట్లో కోడిపుంజు ఇల్లు కూల్చగలదని ఎవరూ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రెండేళ్ళ క్రితం మహేష్ ఇలాగే ఒక పుంజు మీద పాడిగేదెను పందెం ఒడ్డి పోగొట్టుకున్నాడు. గోపిక పుట్టింటికి బయల్దేరి గుమ్మం దాటుతుంటే అడ్డం వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టు. మళ్ళీ కోడి జోలికి పోతే నేను మనిషినే కాదు." డ్రిల్లింగ్ మిషన్ పట్టిన చెయ్యి అది. ఆ బరువుకు ఆమె మెడ కొంచెం కిందికి వంగింది. మాటకంటే ఆ బరువునే నమ్మి సంచీ లోపల పెట్టింది. రెండు సీజన్లు మిరపకాయలు కోసి, వేళ్ళు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని, ఇప్పుడున్న గేదెను కొనుక్కుంది.

ఇప్పుడు ఆమెకు కోపం కంటే ముందు సిగ్గేసింది. కుక్క నోటి దగ్గరి కూడు తానే వండి, తానే మూతపెట్టి, కోడికి పంపింది. నల్లపిల్ల గుర్తొచ్చింది. బాదంపప్పులు నేల మీద పోసి, గిన్నె తీసుకుని ఇంటికొచ్చింది. తోమి, తుడిచి, గూట్లో దాని చోట దాన్ని పెట్టింది. రాత్రి భోజనాల దగ్గర మహేష్ గూటివైపు చూశాడు. గిన్నె ఎట్లా వచ్చిందని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

నడుం నొప్పని చెప్పి కోతకు వెళ్ళడం మానేసింది. మంచి గిరాకీ ఉన్న రోజులు. ఆటో వీధి చివర హారన్ కొట్టి కొట్టి పోయేది. చుక్కికి నాలుగుసార్లు తానే పెట్టింది, తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. తొట్టిలో నీళ్ళు తగ్గనివ్వలేదు. మొదటి రెండు రోజులూ చుక్కి ఒక్కో ముద్దా తిని ఆమె మొహం వైపు చూసేది, ఇది కూడా తీసుకుపోతావా అన్నట్టు. మూడో రోజు నుంచి చూడటం మానేసింది. ఆరు పిల్లలూ పళ్ళెంలో కాళ్ళు పెట్టి మరీ రాగిజావ నాకాయి.

ఆ ఆదివారం పద్నాలుగున్నర. పై ఆదివారం పదిహేడు. పక్కటెముకలు లోపలికి పోయాయి, వెంట్రుక నిగనిగలాడింది.

"మంచిదే," అంది ఆరోగ్యమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "మరి ఏడనించి వచ్చింది ఈ బరువు?"

"పుంజులోంచి అనుకుంటా."

"లేదమ్మాయ్. నిన్న కూడా కర్ర ఇరిగింది. తిన్న బరువు అది యాడ వదులుద్ది? ఊళ్ళో ఎవరూ చిక్కలా, నేను అడిగా."

ఆ సాయంత్రం మహేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పాక దగ్గర తచ్చాడుతున్నాడు. మర్నాడు తిరునాళ్ళు. అతని చూపు గేదె మీద ఉంది. గోపిక అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ అడిగింది.

"గేదెను తోలుకుపోతావా?"

"ఏమే, నీకేమన్నా పిచ్చా?"

"డేగ పుంజును చూశా. దానికి నువ్వు తినిపించిన గిన్నె చూశా."

మహేష్ గబగబా మాట్లాడాడు. పుంజు వెంకటకృష్ణదేనని, తను ఊరికే మేపుతున్నానని, కుక్కకు కూడా సగం పెట్టానని. చివరికి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. "నీ మీద ఒట్టే. ఆ పుంజు నాది కాదు. గేదె జోలికి పోను."

చెయ్యి ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.

గోపిక కళ్ళు మూసుకుని ఆగింది. మెడ వంగలేదు. గాలికి పైట చెంగు తగిలినంత కూడా లేదు.

"పెట్టావా?" అంది.

"పెట్టాగా."

ఆమె చెయ్యి పైకెత్తి తడిమింది. వేళ్ళున్నాయి, క్వారీ రాతికి కాయలు కట్టిన అరచెయ్యి ఉంది. బరువు లేదు. చుక్కి ఒంట్లోకి ఆ అయిదు కిలోలూ ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది.

"తియ్యి," అంది. "పోనీ, ఉంచుకో. నాకేం తేడా తెలవటంలా."

ఆ చేతికిందినుంచి లేవడానికి ఆమెకు ఏ కష్టమూ కాలేదు. రెండేళ్ళ క్రితం లేవలేకపోయినందుకు మాత్రం లోపలికెళ్ళి ఏడ్చింది.

తెల్లారి మహేష్ పాకలోకి పోయి గేదె పలుపు విప్పాడు. గోపిక కిటికీలోంచి చూస్తూనే ఉంది గానీ కదల్లేదు. అతను లాగాడు. గేదె కుడితి తొట్టివైపు నడిచింది. పలుపు పట్టుకున్న మహేష్ దాని వెనక జారుకుంటూ వెళ్ళాడు. మడమలు నేలకు తన్నిపెట్టినా నేల మీద గీతైనా పడలేదు. గేదె తీరిగ్గా కుడితి తాగి, తల విదిలించింది. అతను గోడ దగ్గర పడ్డాడు. లేచి, చొక్కా దులుపుకుని, కిటికీ వైపు చూడకుండా ఉత్తచేతులతో తిరునాళ్ళకు పోయాడు.

అతని పుంజును వెంకటకృష్ణ మనుషులు ఇద్దరు బుట్టలో మోసుకుపోయి బరిలో వదిలారట. అది ఒక్కసారైనా ఎగరలేక, వదిలినచోటే కూర్చుండిపోయిందట. పందెం చెల్లదని అవతలివాళ్ళు తమ పుంజును తీసుకుపోయారట.

మధ్యాహ్నం మూడింటికి మహేష్ తిరిగొచ్చాడు. గోపిక నడవలో గోడకానుకుని కూర్చుని ఉంది. చుక్కి పిల్లలకు పాలిచ్చి, లోపలికొచ్చి, ఆమె పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. తల మొత్తం బరువు వదిలేసింది. పాదం తిమ్మిరెక్కింది.

"గోపికా," అన్నాడు బయటినుంచి. ఎప్పుడో గానీ పేరు పెట్టి పిలవడు. "తలుపు తియ్యి."

"గడియ వెయ్యలా. నెట్టుకుని రా."

అతను నెట్టాడు. దగ్గరగా వేసిన తలుపు, పిల్లి నెడితే తెరుచుకునే తలుపు, కదల్లేదు. భుజం ఆనించి నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. చెక్క మీద బట్ట రాసుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"రావటంలే. నువ్వొచ్చి తియ్యవే."

గోపిక కిందికి చూసింది. చుక్కి కలలో ఏదో నములుతోంది.

"చుక్కి నిద్రపోతంది," అంది. "లేవలేను."