కోడలు తీగ

ఎండుటాకులు ఏరుతూనే ఆమె మళ్లీ ఇంటి దిక్కుకు చూసింది. ఆస్పత్రి మేడ మీది నుంచి ఊరంతా కనిపిస్తుంది. తన ఇల్లున్న చోట మాత్రం ఎండకు కళ్లు చెదిరేలా మెరిసే రేకులే. వాటిలో ఏది తమదో ఎవరు చెప్పగలరు?

ఆ మేడ నిండా మట్టి పరిచి మొక్కలు పెంచుతున్నారు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి కదా, కింద వార్డుల్లో మంచం పట్టినవాళ్లు ఉడికిపోకూడదని. పొద్దు పొడవకముందే తడపడం, పెరిగిన తీగలు కత్తిరించడం, వాననీరు పోయే దారుల్లో ఆకు అడ్డం పడకుండా తీయడం ఆమె పని. వంగి వంగి నడుము బిగుసుకుపోయింది. మోకాళ్ల దగ్గర చీర ఎప్పుడూ మట్టిరంగే. కింద అందరూ ఆమెను మేడమీదమ్మ అంటారు. చేసేది మట్టిపని, పేరు మాత్రం మహారాణిది!

నిరుడు వేసవిలో ఓసారి ఏదో పని మీద కింది వార్డులోకి వెళ్లింది. బయట నిప్పులు చెరుగుతుంటే అక్కడొక ముసలాయన హాయిగా దుప్పటి కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంటి దగ్గర తన మొగుడు రేకుల కింద వేగిపోతున్నాడు. ఆయన గుండె ఎండను తట్టుకోలేదని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్‌ను అడిగి, కత్తిరించి పారేసే తీగముక్కలు సంచిలో వేసుకుపోయింది. "చెత్తకు కూడా అడగాలా అమ్మా, తీసుకుపో," అన్నాడాయన. గుమ్మం పక్కన పాత రంగు డబ్బాలో నాటితే ఒక్కటి బతికింది. తాడు పట్టుకుని గోడెక్కి, ఈ వేసవికి రేకుల మీదికి చేరింది. ఆకు కప్పినంత మేర రేకు కాస్త చల్లబడేది. మొగుడూ పెళ్లామూ మంచాన్ని దాని కిందికి జరుపుకున్నారు. రాబోయే వానలకు ఇల్లంతా కప్పేస్తుంది. అందాకా, ఈ ఒక్క వేసవి, ఆయన గట్టెక్కితే చాలు. ఆమె కోరుకున్నది అంతే.

ఆయన వెల్డింగు పని చేసేవాడు. ఆ రేకులు బిగించింది కూడా ఆయనే. "చేసుకున్నవాడికి చేసుకున్నంత, చూశావా?" అని తనమీద తానే నవ్వుకునేవాడు. పిల్లలు లేని ఇల్లది. తీగ మొదటి చిగురేసిన రోజు "ఒసే, కోడలొచ్చిందే!" అని కేకేశాడు. అప్పటి నుంచి అది కోడలుపిల్లే. కోడలు లేచిందా, కోడలు అలిగిందా, పొద్దస్తమానం ఇదే గోల.

ఇవాళ కొళాయి రాలేదు. ఇంట్లో ఉన్నది సగం బిందెడు నీళ్లు. అది మంచం పక్కన పెట్టి మరీ చెప్పి వచ్చింది.

"ఇవి తాగడానికే. తీగకు చుక్క పోశావంటే ఊరుకోను. సాయంత్రం నేను తెచ్చి పోస్తా."

"కోడలు ఎండిపోతుంటే మామ గటగటా తాగాడంటే లోకం ఏమంటుందే?"

"లోకం సంగతి నేను చూసుకుంటా. నువ్వు తాగు."

"సరే తల్లీ, వెళ్లు. నీ మేడ ఎదురుచూస్తోంది."

మధ్యాహ్నానికి గాలి కూడా కాలడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ అందర్నీ నీడకు పొమ్మన్నాడు. ఆమె మెట్ల గదిలో కూర్చుని ఇంటికి ఫోను చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. ఫోను ఎక్కడ పెట్టాడో ఆయనకెప్పుడూ గుర్తుండదు, నిద్రపోయి ఉంటాడులే అనుకుంది. కంగారు పడి ఉంటే బాగుండేది. పని దిగాక మొక్కలు తడిపే గొట్టం కింద రెండు డబ్బాలు నీళ్లు పట్టుకుని బస్సెక్కింది.

వీధి మొదట్లోనే పక్కింటావిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా నడిపించుకెళ్లింది. గుమ్మం పక్కన ఆయన రంగు డబ్బాకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు, తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. బిందె బోర్లా పడి ఉంది. డబ్బాలో మట్టి నల్లగా తడిసి ఉంది.

"ఇందాకే, ఎండలో ఏం పని అన్నయ్యా అన్నాను వదినా," అంది పక్కింటావిడ. "కోడలు తల వాల్చేసిందమ్మా, మీ వదిన చూస్తే బెంగపెట్టుకుంటుంది అన్నాడు. తాగడానికి మంచినీళ్లు తెస్తానుండమని లోపలికెళ్లి వచ్చేసరికే..."

ఆమె నీళ్ల డబ్బాలు దింపి ఆయన ఎదురుగా కూలబడింది. చెంప తడిమింది. వెచ్చగానే ఉంది, ఎండ వేడికి. మూత తీసి దోసిట్లో నీళ్లు పోసుకుని ఆయన పెదాలు తడిపింది. నీళ్లు గడ్డం మీదుగా జారిపోయాయి.

"తాగమన్నాను కదయ్యా," అంది. "నా మాట ఏనాడు విన్నావు గనక!"

అప్పుడు వచ్చింది ఏడుపు. పక్కింటావిడ పట్టుకున్నా ఆగలేదు. ఆ తీగను తెచ్చిన చేతుల్ని నేలకేసి కొట్టుకుంది.

నలుగురూ కలిసి ఆయన్ను లోపలికి ఎత్తుకెళుతుంటే ఆమె తలెత్తి చూసింది. వాడిన ఆకులు తేరుకున్నాయి. పొద్దున జారి వేలాడుతున్న తీగ కొస ఇప్పుడు రేకు మీద ఉంది. ఆ గుండెతో బల్ల వేసుకుని ఎప్పుడెక్కాడో! ఎండకు తడిపి కప్పుకున్న తన తువ్వాలు అంచు చింపి, ఆ కొసను రేకు బోల్టుకు కట్టాడు. లేత కాడ నలగకుండా వదులుగా ముడేసిన ఆ గుడ్డపేలిక ఇంకా తడిగానే ఉంది.